వానలక్క చెప్పిన వేళ

ఆవిడకి ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది. జీతం కాగితాల మీద తప్ప ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. ఊరందరికీ ఆవిడ వానలక్క. వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. మొదట్లో చిరాకు పడేదట, తర్వాత అలవాటైపోయింది.

నేను మా ఊరి రేడియో కేంద్రంలో మీటలు నొక్కే ఉద్యోగిని. అద్దానికి ఇవతల నేను, అవతల మైకు ముందు ఆవిడ. రోజూ పొద్దున్న ఏడున్నరకి నాలుగు నిమిషాలు వాతావరణం చదివేది. పదహారేళ్ళు అలా ఎదురెదురుగా కూర్చున్నాం. నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు, "మీటలయ్యా" అనేది. ఎగతాళో గౌరవమో చివరిదాకా తేల్చుకోలేకపోయాను.

ఆవిడ నాన్న ఇటుకలు కోసేవాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆరేళ్ళ తమ్ముణ్ణి చూసుకోవడం, అచ్చులు కడగడం, బడి, మూడూ పన్నెండేళ్ళకే నెత్తిన పడ్డాయి. పదో తరగతి పాసై, పంతొమ్మిదో ఏట ఊరి చివర వాతావరణ కేంద్రంలో ఊడ్చే పనికి చేరింది. కేంద్రమంటే పెద్ద భవనం అనుకునేరు. రెండు గదులు, వెనక కంచె వేసిన గడ్డినేల. ఆ నేలలో నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె, దాని గోడలన్నీ సందులే. లోపల నాలుగు థర్మామీటర్లు. పక్కనే సగం భూమిలో పాతిన వానకొలత డబ్బా. ఒక స్తంభం, దాని కొసన గాలి ఎటునుంచి వీస్తోందో చూపించే బాణం. గదిలో గోడకి పీడనం కొలిచే గొట్టం. ఇంతే సరంజామా.

అప్పట్లో అక్కడ ఒక ముసలి అధికారి ఉండేవాడు. ఆయనకి కంట్లో శుక్లాలు. పై ఆఫీసుకి తెలిస్తే ఇంటికి పంపేస్తారని ఎవరికీ చెప్పలేదు. చీపురు పట్టుకుని తిరుగుతున్న ఈవిణ్ణి పిలిచి, "అమ్మాయ్, ఆ పాదరసం ఏ గీత మీదుందో చూసి చెప్పు," అన్నాడట.

"ఇరవై నాలుగున్నర ఉంటుందండీ."

"ఉంటుంది అనకు, ఉన్నది చెప్పు. ఇరవై నాలుగు మీద నాలుగా, ఆరా?"

మళ్ళీ వెళ్ళి చూసింది. ఆరు. ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా, అంటే మూడేళ్ళు, ఆ కేంద్రం నుంచి వెళ్ళిన అంకెలన్నీ ఈవిడ కళ్ళతో చూసినవే. పోతూ పోతూ ఆయన చేసిన మేలు ఒకటుంది. శాఖ పరీక్ష పుస్తకాలు ఈవిడ చేతిలో పెట్టి, పాసయ్యేదాకా నా మొహం చూడొద్దన్నాడు. మొదటిసారి తప్పింది. రెండోసారి పాసయ్యి చెప్పడానికి వెళ్తే, కళ్ళకి ఆపరేషన్ చేయించుకుని ఉన్నాడట. ఈవిణ్ణి మొదటిసారి సరిగ్గా చూసి, "నువ్వు ఇంత పొట్టిదానివా," అన్నాడట. ఈ మాట ఆవిడ నాకు ఏడాదికి ఒకసారైనా చెప్పేది, ప్రతిసారీ నవ్వేది.

పెళ్ళి టౌన్ బస్సు డ్రైవరుతో అయింది. పిల్లల్లేరు. దాని గురించి ఆవిడ మాట్లాడలేదు, నేను అడగలేదు. డ్రైవరుగారు నెమ్మదస్తుడు. "ఊరంతటికీ వాతావరణం చెప్తుంది. ఇంట్లో ఎప్పుడు ఉరుముతుందో మాత్రం ముందు చెప్పదు," అని ఆవిడ ముందే అనేవాడు. ఆవిడ విననట్టు ఊరుకునేది. పొద్దున్న ఐదున్నరకి కేంద్రంలో అంకెలు చూసి ఫోనులో పై ఆఫీసుకి చెప్పడం, ఏడింటికి పై ఆఫీసు నుంచి వచ్చిన ప్రాంతీయ సూచన కాగితం తీసుకుని మొగుడి బస్సెక్కి మా రేడియోకి రావడం, చదివేసి మళ్ళీ ఎనిమిదిన్నర అంకెలకి పరిగెత్తడం. పండగా పబ్బం లేకుండా ఇదే దినచర్య.

నేను చెప్పబోయే సంగతి ఆవిడకి యాభై ఐదేళ్ళప్పటిది.

చలికాలం మొదట్లో ప్రతి ఏడూ పై ఆఫీసు రెండు పేజీల ముందస్తు అంచనా పంపుతుంది. రాబోయే మూడు నెలలు మన ప్రాంతంలో చలి ఎలా ఉంటుంది, వాన ఎంత పడొచ్చు, అదీ విషయం. ఆ ఏడు వచ్చిన కాగితంలో ముఖ్యమైన ముక్క ఇది: "వర్షపాతం సాధారణం కంటే తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ." ఆవిడ ఉన్నదున్నట్టు చదివింది.

చదివి బయటికి రాగానే, మా గేటు ఎదురుగా కొట్టు ఉన్న మంగలి చేతిలో దువ్వెనతోనే ఎదురొచ్చాడు.

"తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ అన్నావు. ఇంతకీ ఎక్కువా తక్కువా అక్కా?"

"ఇలాంటి ఏళ్ళు పది తీసుకుంటే ఆరేళ్ళు తక్కువ పడుతుంది."

"మరి మిగతా నాలుగేళ్ళు?"

"మిగతా నాలుగేళ్ళు నువ్వు గొడుగు కొనుక్కోవాలి."

మంగలి అయినా అడిగాడు. ఆవిడ తమ్ముడు అడగలేదు. ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల, చెరువు ఎండిన నేలలో, తండ్రి వదిలిన ఇటుకల బట్టీ అతనే నడుపుతున్నాడు. రేడియోలో అక్క గొంతు విన్నాడు. "తక్కువ" అన్న ఒక్క మాట చెవిలో వేసుకుని మిగతాది వదిలేశాడు. ఎప్పుడూ రెండు జతల పనివాళ్ళతో మొదలుపెట్టే పని ఆ ఏడు నాలుగు జతలతో మొదలుపెట్టాడు. ఇటుక కప్పే పాత టార్పాలిన్ పట్టాలు ఎలుకలు కొట్టి జల్లెడయ్యాయి. కొత్తవి తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. పన్నెండు రోజుల్లో నలభై వేల పచ్చి ఇటుక నేలంతా పరిచేశాడు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పచ్చి ఇటుక అంటే అచ్చులో పోసి తీసిన మట్టి, అంతే. పది పదిహేను రోజులు ఎండాలి, దొంతర పేర్చాలి, ఆ తర్వాతే బట్టీలో కాల్చడం. కాలిన ఇటుకకి వానంటే లెక్కలేదు. పచ్చి ఇటుక మీద ఒక గంట గట్టి వాన పడితే మళ్ళీ బురదే.

పన్నెండో రోజు బుధవారం. సముద్రంలో పుట్టిన వాయుగుండం తుఫానుగా మారిందని సూచన వచ్చింది. తీరం మాకు వంద కిలోమీటర్ల దూరం. తుఫాను ఉత్తరంగా కదిలి, మా ప్రాంతానికి బాగా ఎగువన తీరం దాటుతుందనీ, మాకు చెదురుమదురు జల్లులే పడొచ్చనీ అందులో ఉంది. గురువారం సూచనలోనూ అదే మాట. గురువారం పొద్దున్న ఆవిడ ఎప్పటిలాగే వచ్చింది, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది. సూచన ముక్క తప్పకుండా చదివింది. చివర్లో రోజూ మా ఊరి అంకెలు చదువుతుంది. ఉష్ణోగ్రత, తేమ, గాలి, పీడనం. మామూలుగా ఒక్క గుక్కలో అయిపోయేవి. ఆరోజు ఒక్కోటీ ఆగి ఆగి చదివింది.

"ఈ ఉదయం ఐదున్నరకి మన కేంద్రంలో వాయుపీడనం వెయ్యిన్నీ ఐదు మిల్లీబార్లు. నిన్న ఇదే వేళకి వెయ్యిన్నీ పది. గాలి ఈశాన్యం నుంచి వీస్తోంది. నిన్న కూడా ఈశాన్యమే."

ఆవిడ జోస్యం ఏమీ చెప్పలేదు, ఉన్న అంకెలు చదివింది. పీడనం అంత పడిందంటే తుఫాను దగ్గరికొస్తున్నట్టు లెక్క. అద్దం ఇవతల నుంచి నేను ఏంటన్నట్టు చెయ్యి ఊపాను. మైకు ఆగాక బయటికొచ్చి, "మీటలయ్యా, నీ బండిలో పెట్రోలుందా?" అంది.

నా డ్యూటీ తొమ్మిదింటికి అయిపోతుంది. గంట ముందే పక్కవాడికి అప్పజెప్పి ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకున్నాను. ముందు కేంద్రానికి వెళ్ళాం. ఎనిమిదిన్నర అంకెలు చూసుకుని వచ్చి, నా ముందే పై ఆఫీసుకి ఫోన్ చేసింది. అవతల డ్యూటీ అధికారి గొంతు నాకూ వినబడుతోంది. మర్యాదస్తుడే.

"మా లెక్కలన్నీ ఉత్తరానికే అంటున్నాయి మేడమ్."

"ఉత్తరానికి పోయేదైతే మా గాలి ఈపాటికి వాయవ్యం వైపు తిరగాలి కదండీ. రెండు రోజులుగా ఈశాన్యంలోనే మొండికేసింది. ఇప్పుడు కాస్త తూర్పుకి కూడా జరుగుతోంది."

"మీ బాణం బిగుసుకుపోయిందేమో ఒకసారి చూస్తారా?"

"పొద్దున్నే నూనె పోశానండీ."

"సరే మేడమ్, రాసుకుంటాను."

ఫోన్ పెట్టేసి, "రాసుకుంటాడట," అంది. ఆ గొంతులో కోపం లేదు. ఆ కుర్చీలో తనున్నా అదే మాట అనేదాన్నని దారిలో నాతో చెప్పింది. యాభై కేంద్రాల అంకెలు ముందు పెట్టుకున్నవాడు ఒక్క బాణాన్ని నమ్మి సూచన మార్చలేడు.

మేం వెళ్ళేసరికి తమ్ముడు బట్టీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎత్తు మనిషి, అక్క అతని భుజం దాకా కూడా రాదు. అతని భార్య కొత్తగా పోసిన వరుసల మీద ఇసుక చల్లుతోంది. అచ్చులు పోసేవాళ్ళు, మట్టి తొక్కేవాళ్ళు, మొత్తం పద్నాలుగు మంది. ఆకాశం మీద పల్చటి తెల్లని పొర తప్ప మబ్బన్నది లేదు.

"ఒరేయ్, పని ఆపి ఎండిన ఇటుకంతా దొంతర పేర్చు. ఉన్న పట్టాలన్నీ కప్పు," అంది వానలక్క, బండి దిగుతూనే.

"ఎందుకు?"

"వానొస్తోంది. గట్టిదే."

అతను ఆకాశం చూశాడు, తర్వాత అక్కని చూశాడు. "మొన్న వానలు తక్కువన్నావు. ఇందాక రేడియోలో జల్లులన్నావు. ఇప్పుడు గట్టిదంటున్నావు. అది నోరా తాటిమట్టా అక్కా?"

"రేడియోలో చదివింది ఆఫీసు మాట. ఇది నా మాట."

"సగం ఎండిన ఇటుక ఇప్పుడు కదిలిస్తే అంచులు రాలిపోతాయి. ఒక రోజు పని పోతుంది. వాన రాకపోతే?"

"వస్తుందిరా."

"ఎన్నింటికి?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆవిడ ఎవరికీ వేళ చెప్పే మనిషి కాదు. పెళ్ళిళ్ళవాళ్ళు అడిగేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు అడిగేవాళ్ళు, ఆటల పోటీలవాళ్ళు అడిగేవాళ్ళు. "వానకి గడియారం లేదు," అని పంపించేసేది. ఆరోజు తమ్ముడి మొహం చూసింది, నేలంతా పరుచుకున్న వరుసలు చూసింది.

"మధ్యాహ్నం మూడు, మహా అయితే నాలుగు," అంది.

వేళ చెప్పేసరికి అతను కదిలాడు. మరో మాట మాట్లాడకుండా చేతిలో పార కింద పెట్టి పనివాళ్ళని కేకేశాడు. ఆ తర్వాత ఆరు గంటలు అక్కడ ఎవరూ కుదురుగా నిలబడలేదు. నన్ను కూడా వదల్లేదు. రేడియోలో మీటలు నొక్కే వేళ్ళతో ఇటుకకి ఇటుక మోశాను. నాలుగేసి పట్టుకుంటే అంచులు విరుగుతున్నాయని తమ్ముడి భార్య నన్ను తిట్టి రెండేసి మోయమంది. వానలక్క మాత్రం ఆరేసి మోసింది. ఒక్క అంచు రాలలేదు. చిన్నప్పటి పని చేతులకి గుర్తుంటుంది కాబోలు. మధ్యాహ్నం షిఫ్టు అయ్యాక డ్రైవరుగారు డిపో నుంచి పాత టార్పాలిన్లు రెండు అడిగి తెచ్చాడు. అవి విప్పితే ఒకదాని మీద ఏదో బస్సు నంబరు, ఇంకోదాని నిండా గ్రీజు మరకలు. "అందానికి కాదుగా," అంటూ పడమటి దొంతర్ల చిల్లుల పట్టాల మీద తనే కప్పాడు.

మూడయ్యేసరికి పాతిక వేల ఇటుక దొంతరల్లోకి వచ్చింది, పట్టాల కిందికి వెళ్ళింది. మిగతా పదిహేను వేలు మరీ పచ్చివి, వేలు పెడితే గుంట పడుతుంది. వాటిని కదిలించే దారి లేదు, వదిలేశాం.

మూడయింది. పొద్దుటి నుంచి ఉన్న తెల్లని పొర కూడా విడిపోయి ఎండ కాసింది. చలికాలంలో అంత చురుకైన ఎండ నేను చూడలేదు. నాలుగయింది. పనివాళ్ళు చెట్టు నీడన కూర్చుని టీ తాగుతూ ఆకాశం వంకా, ఆవిడ వంకా మార్చి మార్చి చూస్తున్నారు. అచ్చులు పోసే పెద్దాయన ఒకడు, "పోనీలే అక్కా, పట్టాలు ఎండకైనా పనికొచ్చాయి," అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వబోయింది గానీ కుదరలేదు.

నాలుగున్నరకి తమ్ముడు ఒక దొంతర దగ్గరికి వెళ్ళి పట్టా కొస ఎత్తి లోపల చెయ్యి పెట్టాడు.

"లోపల ఉడికిపోతోంది. ఇటుకంతా చెమట పట్టింది. ఇలాగే ఉంచితే రేపటికి దొంతర్లు కుంగిపోతాయి."

"ఈ ఒక్క రాత్రి ఉంచరా," అంది అక్క.

"నాలుగన్నావు. నాలుగున్నరయింది."

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. సాయంత్రం అంకెల వేళ అవుతోందని నాతో బయల్దేరింది. మేం రోడ్డెక్కేసరికి వెనక పట్టాలు లాగుతున్న చప్పుడు వినిపించింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత అక్కడ జరిగింది తమ్ముడి భార్య చెప్పగా విన్నాను. అతను తూర్పు వైపు దొంతర్ల పట్టాలన్నీ తీయించేశాడు. పడమటి వైపుకి వచ్చేసరికి భార్య అడ్డం నిలబడింది.

"మీ అక్క మీద కోపముంటే మీ అక్కకి చూపించు, ఇటుకలకి కాదు. పొద్దుటినుంచి మోసి మోసి నడుం విరిగింది. మళ్ళీ విప్పి, మడిచి, రేపు మళ్ళీ కప్పే ఓపిక నాకు లేదు. ఇవి ఇలాగే ఉంటాయి."

వదినగారి మీద నమ్మకంతో చేశావా అని తర్వాత నేనే అడిగాను. "నమ్మకమా పాడా, బద్ధకం," అంది. ఆ బద్ధకం పుణ్యాన పదివేల ఇటుక పట్టాల కిందే ఉండిపోయింది.

సాయంత్రం ఐదున్నరకి పీడనం వెయ్యిన్నీ ఒకటి. వానలక్క అంకె పుస్తకంలో రాసింది, పై ఆఫీసుకి చెప్పింది. ఈసారి అవతలివాళ్ళు బాణం గురించి అడగలేదు, ఆ అంకె మళ్ళీ చెప్పమన్నారు. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మరదలికి చేసింది.

"వదినా, ఆయన మాట్లాడనంటున్నాడు."

"సరే, నువ్వు చెప్పు. వేళ నాకు తెలీదు. పొద్దున్న కూడా తెలీదు, తెలిసినట్టు చెప్పాను. వాన మాత్రం వస్తుంది. పట్టాలు మళ్ళీ కప్పమను."

"చెప్తాను గానీ వదినా, వినే చెవులు ఇవాళ ఇంట్లో లేవు."

నేనక్కడే గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టింది. "వేళ తెలీదు, ఇవాళ మధ్యాహ్నం నుంచి రేపటి లోపు ఎప్పుడైనా రావొచ్చు అనుంటే వాడు కదిలేవాడు కాదు," అంది. "కానీ కదిలుంటే, పట్టాలు ఉంచేవాడు," అని తనే అంది. డ్రైవరుగారు వచ్చి పిలిచాక తలుపు తాళం వేసుకుని వెళ్ళిపోయింది.

తుఫాను సముద్రంలో పది పన్నెండు గంటలు కదలకుండా నిలబడిపోయిందని తర్వాత తెలిసింది. నిలబడి, ఉత్తరానికి పోకుండా తిన్నగా పడమటికి, అంటే మా వైపుకి తిరిగింది. తెల్లవారుజామున ఐదు కావడానికి పావుగంట ఉందనగా వాన మొదలైంది. మొదలవడమే కుండపోత. ఐదున్నరకి ఆవిడ గొడుగుతో కంచెలోకి వెళ్ళేసరికి గొడుగు వెనక్కి విరిగింది. తడుస్తూనే అంకెలు చూసింది.

ఏడున్నరకి మైకు ముందు కూర్చున్నప్పుడు ఆవిడ చీర కొంగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నా తువ్వాలిచ్చాను. సవరించిన సూచన వచ్చింది, అది చదివింది. భారీ వర్షాలు, లోతట్టు రోడ్ల మీద ప్రయాణం వద్దు, కరెంటు స్తంభాల దగ్గరికి పోవద్దు. మా ఊరి అంకెలు చదివింది. నాలుగు నిమిషాల్లో ఇంకా ముప్పై సెకన్లున్నాయి. మామూలుగా అక్కడ సంగీతం వేస్తాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నిన్న నేను కొందరికి మధ్యాహ్నం నాలుగులోపు వాన వస్తుందని చెప్పాను. అది ఆఫీసు చెప్పింది కాదు, నా సొంత మాట. ఆ వేళ తప్పు. నా మాట పట్టుకుని పని ఆపినవాళ్ళకీ, వాన రాలేదని కప్పినవి విప్పినవాళ్ళకీ జరిగిన నష్టంలో నా తప్పుంది."

కాగితంలో లేని మాట చదవకూడదని నియమం. చదివితే మైకు కట్ చెయ్యడం నా పని. నా వేలు మీట మీదే ఉంది, నొక్కలేదు. వారం తర్వాత ఇద్దరికీ చెరో మెమో వచ్చింది. ఇద్దరం జవాబులు రాశాం. అవి ఏదో బీరువాలో ఉంటాయి.

ఎనిమిదిన్నరకి డబ్బాలో తొంభై నాలుగు మిల్లీమీటర్లు కొలిచింది. ఆరోజు, మర్నాడు కలిపి నూట అరవై. చలికాలంలో అంత వాన మా కేంద్రం పుస్తకంలో అంతకుముందు ఒక్కసారే ఉందట.

వాన వెలిశాక బట్టీకి వెళ్ళాం, నేనూ ఆవిడా డ్రైవరుగారూ. పడమటి దొంతర్లు పట్టాల కింద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మిగతా ముప్పై వేలు లేవు. నేలంతా ఒకటే ఎర్రబురద, అందులో అక్కడక్కడా ఇటుక ఆకారం మిగిలిన గడ్డలు. తమ్ముడు బట్టీ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అక్కని చూసి లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆవిడ వెనక వెళ్ళలేదు. మరదలితో, "మట్టి పనికొస్తుందా?" అని అడిగింది.

"మట్టి ఎక్కడికి పోతుంది వదినా. పోయింది మా ఒళ్ళు విరుచుకుని చేసిన పని."

ఆరిన బురదని మళ్ళీ తవ్వి, తొక్కి, అచ్చులు పోయడం పది రోజుల తర్వాత మొదలైంది. వచ్చిన మొదటి ఆదివారం వానలక్క ఎనిమిదిన్నర అంకెలు చూసుకుని, నన్ను బండి అడక్కుండా, తనే బస్సెక్కి బట్టీకి వెళ్ళింది. చీర ఎగ్గట్టి ఒక అచ్చు తీసుకుని వరుస చివర కూర్చుంది. ఎవరూ వద్దనలేదు, రమ్మని కూడా అనలేదు. సాయంత్రం దాకా పోసింది, మూడు వందలు పైచిలుకు. మరుసటి ఆదివారమూ అంతే. తమ్ముడు పలకరించలేదు. అతని భార్య మాత్రం మధ్యాహ్నం భోజనానికి ఆకు వేసేది. అన్నం వడ్డిస్తూ, "రోజంతా మూగనోములు చూడలేక చస్తున్నాను," అనేదట, ఇద్దరికీ వినబడేలా.

నాలుగో ఆదివారం నేను ఆవిణ్ణి దింపడానికి వెళ్ళాను కాబట్టి ఇది నేను చూసిందే. ఆవిడ అచ్చు ఎత్తగానే ఇటుక పక్కలు జారాయి. మళ్ళీ పోసింది, మళ్ళీ జారాయి. పక్క వరుసలో ఉన్న తమ్ముడు కాసేపు చూసి, తల ఎత్తకుండా అన్నాడు.

"మట్టిలో నీళ్ళెక్కువయ్యాయి అక్కా. అది పక్కన పెట్టి ఈ కుప్పలోది తీసుకో."

"ఎవడు కలిపాడు?"

"నేనే."

"నాన్నుంటే తన్నేవాడు."

"నిన్ను కూడా," అన్నాడు అతను. ఆ కుప్పలో మట్టి పారతో తీసి ఆవిడ ముందు వేశాడు. అంతే. దానికి మించి వాళ్ళిద్దరూ ఆ విషయం మాట్లాడుకున్నట్టు నాకు తెలీదు.

చలికాలం ముగిశాక పై ఆఫీసు నుంచి మరో కాగితం వచ్చింది. మొత్తం ప్రాంతానికి మూడు నెలల లెక్క వేస్తే వర్షపాతం సాధారణం కంటే తొమ్మిది శాతం తక్కువ. మా మూల తప్ప ఎక్కడా సరిగ్గా వానే పడలేదు. ముందస్తు అంచనా నిజమైందని అందులో రాశారు. అబద్ధం కాదు. ఆవిడ దాన్ని మైకులో మామూలు గొంతుతోనే చదివింది. బయటికొస్తే మంగలి కొట్టు గుమ్మంలో నిలబడి, "మొత్తానికి గెలిచారన్నమాట," అన్నాడు. "ఎవరు?" అంది ఆవిడ. మంగలి ఆలోచనలో పడ్డాడు.

ఆ తర్వాత నుంచి మరదలు రోజూ సాయంత్రం కేంద్రానికి ఫోన్ చేసి పీడనం ఎంతుందో అడగడం మొదలుపెట్టింది. బట్టీ షెడ్డు తలుపు వెనక సుద్దముక్కతో రాసుకునేది. మూడు రోజులు వరసగా తగ్గితే మొగుణ్ణి అడక్కుండానే పట్టాలు బయటికి తీసేది. కొత్త పట్టాలు లెండి, ఆ వాన తర్వాత కొన్నవి.

మరో మూడేళ్ళకి వానలక్క రిటైరయింది. గడ్డినేలలో ఇప్పుడు ఒక యంత్రం పెట్టారు, అంకెలు అదే చూసి అదే పంపుకుంటుంది. సూచన కాగితం రేడియోలో నేనే చదువుతున్నాను, మీటలూ నేనే నొక్కుకుంటున్నాను. మొన్న పని మీద అటు వెళ్తూ బట్టీ దగ్గర ఆగాను. అక్కా తమ్ముడూ నేల మధ్యలో నిలబడి ఉన్నారు. వాననీళ్ళు పోవడానికి కాలవ తవ్వాలట. ఉత్తరం వైపు వాలు ఉంది కాబట్టి అటే తవ్వాలని అతను, ఆ వాలు ఉత్త భ్రమ, తూర్పుకే పోతాయని ఆవిడ. డ్రైవరుగారు కుర్చీ వేసుకుని కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. నేను వెళ్ళేసరికి వాదన సగంలో ఉంది. టీ తాగి వచ్చేసేటప్పుడూ సగంలోనే ఉంది.